వైర్ బ్రష్ పట్టి ప్రైమర్ కొట్టినా తుప్పు తిరిగొస్తే: వాహనం ఇనుప భాగాలకు పూత వేసే పద్ధతి

మీరు చెప్పినది ఇది. చక్రాలను పట్టి ఉంచే సస్పెన్షన్ ఆర్ములు, అవి బిగిసే సబ్‌ఫ్రేమ్ అనే ఇనుప చట్రం, ఒక డోరు అడుగు భాగం గ్రైండర్‌కు వైర్ బ్రష్ తగిలించి మెరిసేదాకా గీకారు. స్ప్రే డబ్బాలో వచ్చే బూడిదరంగు ప్రైమర్ (రంగుకు ముందు వేసే మొదటి పూత) రెండు కోట్లు కొట్టారు. పై రంగు తర్వాత వేద్దామని పక్కన పెడితే మూడు వారాల్లో ప్రైమర్‌లోంచే గోధుమరంగు చుక్కలు తేలాయి. ఈసారి ఏ ప్రైమర్ కొనాలని అడిగారు.

ప్రైమర్ మార్చాల్సిందే, రెండు భాగాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమర్ కావాలి. కానీ ఇక్కడ రెండు తప్పులు కలిశాయి, ప్రైమర్ ఒక్కటే మారిస్తే సగమే తీరుతుంది. మొదటిది వైర్ బ్రష్. అది పైన పెచ్చుగా ఉన్న తుప్పును బాగానే తీస్తుంది, గుంటల్లో దిగిన తుప్పును మాత్రం అక్కడే ఉంచి దాని మీద రుద్ది నున్నగా మెరిపిస్తుంది. చూపుకు శుభ్రమైన లోహంలా ఉంటుంది, భూతద్దం పెట్టి చూస్తే గుంటల అడుగున నల్లటి చుక్కలు కనిపిస్తాయి. పైగా అలా నున్నబడ్డ లోహం మీద పూతకు పట్టు దొరకదు. రెండోది ఆ బూడిదరంగు ప్రైమర్. అందులో టాల్కు లాంటి పొడి ఎక్కువ, శాండ్ పేపర్‌తో సులువుగా అరగదీసి చదును చేసుకోవడానికి తయారైన పదార్థం అది. ఆరాక దాని పొరలో సన్నని రంధ్రాలు మిగులుతాయి, గాలిలోని తేమ వాటిగుండా లోహం దాకా చేరుతుంది. పై రంగు పడేదాకా అది ఏ రక్షణా ఇవ్వదు. ప్రైమర్‌లో వదిలేసిన బండి కింది నుంచి తుప్పు పట్టడానికి అసలు కారణం ఇదే.

ఉక్కు తుప్పు పట్టడానికి నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. ఉప్పు తగిలితే వేగం బాగా పెరుగుతుంది. వాన పడక్కర్లేదు, గాలిలో తేమ 60 శాతం దాటితే చాలు, బట్టబయలుగా ఉన్న ఉక్కు మీద కంటికి కనిపించని నీటి పొర ఏర్పడి పని మొదలవుతుంది. అందుకే లోహాన్ని శుభ్రం చేసిన క్షణం నుంచి మొదటి పూత పడేదాకా ఎంత సమయం గడిచిందన్నదే ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యం. అన్ని భాగాలూ ఒకేసారి గీకి పెట్టుకోకండి. ఆ రోజు ప్రైమర్ వేయగలిగినన్ని మాత్రమే లోహం దాకా తీయండి.

పని మొదలుపెట్టేది గ్రైండర్‌తో కాదు, కడగడంతో. జిడ్డు మీద శాండ్ పేపర్ ఆడిస్తే ఆ నూనె, గ్రీజు, సిలికాన్ కొత్తగా పడిన గీతల్లోకి దిగిపోతాయి, తర్వాత ఎంత తుడిచినా రావు. ముందు వేడినీళ్ళు, డిటర్జెంటుతో బ్రష్ పట్టి రుద్దండి, బాగా జాలాడించండి. తర్వాత పెయింట్ పనికి వాడే వాక్స్ అండ్ గ్రీజు రిమూవర్ పట్టండి. రెండూ చేయాల్సిందే. నీళ్ళతో పోయే ఉప్పు రిమూవర్‌తో పోదు, రిమూవర్‌తో పోయే గ్రీజు ఉత్త నీళ్ళతో పోదు. రిమూవర్ వాడేటప్పుడు చేతిలో రెండు గుడ్డలు ఉండాలి. ఒకదానితో తడి చేసి, అది ఆరేలోపే రెండో పొడి గుడ్డతో తుడిచేయాలి. దానంతట అది ఆరిపోనిస్తే కరిగిన జిడ్డు మళ్ళీ అదే చోట పలుచగా పరుచుకుంటుంది. గుడ్డలు తరచుగా మార్చండి.

శుభ్రమైందో లేదో తేల్చడానికి మంచి పరీక్ష ఒకటుంది. లోహం మీద శుభ్రమైన నీళ్ళు పోయండి. నీళ్ళు తెగకుండా ఒకే పొరగా అర నిమిషం పాటు నిలిస్తే జిడ్డు లేనట్టు. చుక్కలుగా ముడుచుకుంటే, మధ్యలో పొర తెగితే ఇంకా ఉన్నట్టు. పరీక్ష అయ్యాక వెంటనే గాలి కొట్టి, హీట్ గన్‌తో వెచ్చబెట్టి పూర్తిగా ఆరబెట్టండి. వెల్డింగ్ చేయబోయే చోట, లేదా మంట తగిలే చోట క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడొద్దు. ఆ ఆవిరి వేడికి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారుతుంది.

ఇక తుప్పు తీయడం. సబ్‌ఫ్రేమ్, ఆర్ముల్లాంటి మందమైన భాగాలకు బ్లాస్టింగ్‌ను (గాలి ఒత్తిడితో గరుకు రేణువులను కొట్టి శుభ్రం చేయడం) మించినది లేదు, ఎందుకంటే అది గుంటల అడుగు దాకా చేరుతుంది. ఆ పని చేసేవాళ్ళకు ఐఎస్‌ఓ 8501 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఎస్‌ఏ 2½ స్థాయి కావాలని చెప్పండి. అంటే తుప్పు, పాత పెయింట్, మిల్ స్కేలు (ఉక్కు తయారీలో వేడికి దాని మీద ఏర్పడే నల్లటి పెచ్చు) అన్నీ పోయి, లోహం మీద లేత మచ్చలు మాత్రమే అక్కడక్కడా మిగలాలి. గార్నెట్ గానీ అల్యూమినియం ఆక్సైడ్ గానీ వాడమనండి. మామూలు ఇసుక వద్దు, దాని ధూళి పీల్చితే వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుకు మందు లేదు. బ్లాస్టింగ్‌కు ముందు బుష్‌లు, బాల్ జాయింట్లు, బేరింగులు తీసేయాలి, మరలకూ యంత్రం మీద చదును చేసిన ముఖాలకూ మూతలు, టేపు వేయాలి. డోరు రేకుకు మాత్రం బ్లాస్టింగ్ వద్దు. వేగంగా తగిలే రేణువులు పలుచని రేకును ఒకవైపు సాగదీస్తాయి, రేకు ఉబ్బి వంకర పోతుంది, మళ్ళీ చదును చేయడం దాదాపు అసాధ్యం.

రేకులకు నైలాన్ స్ట్రిప్ డిస్క్ మేలు. అది పాత పెయింట్‌ను, తుప్పును తీస్తుంది గానీ లోహాన్ని పెద్దగా తినదు. ఫ్లాప్ డిస్క్ (శాండ్ పేపర్ ముక్కలు పొరలుగా అతికించిన డిస్క్) వాడితే ఒకే చోట నిలపకండి, రేకు నీలంగా మారిందంటే వేడికి మెత్తబడి వంగుతోందని అర్థం. గుంటల్లో మిగిలినదానికి చిన్న స్పాట్ బ్లాస్టర్ ఉంటే వాడండి, లేకపోతే ఫాస్ఫారిక్ ఆమ్లం పట్టండి.

చిన్న బ్రాకెట్లు, క్లాంపుల వంటివి ఎక్కువగా ఉంటే కరెంటు పద్ధతి సౌకర్యం. ప్లాస్టిక్ తొట్టిలో 4 లీటర్ల నీటికి ఒక టేబుల్ స్పూను చొప్పున వాషింగ్ సోడా కలిపి, 12 వోల్టుల బ్యాటరీ చార్జర్ నెగెటివ్ తీగను తుప్పు పట్టిన భాగానికి, పాజిటివ్‌ను పనికిరాని మామూలు ఇనుప ముక్కకు కలపాలి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టొద్దు, దానిలోని క్రోమియం నీళ్ళలోకి విషంగా దిగుతుంది. సోడా బదులు ఉప్పు వేయొద్దు. హైడ్రోజన్ బయటికొస్తుంది కాబట్టి ఆరుబయట చేయండి, చార్జర్ ఆపాకే తీగలు తీయండి. అల్యూమినియాన్ని ఈ తొట్టిలో వేయకూడదు, సోడా దాన్ని తినేస్తుంది. స్ప్రింగులు, తలమీద 10.9, 12.9 అని ఉన్న బోల్టులు కూడా వేయకూడదు. హైడ్రోజన్ ఆ గట్టి ఉక్కులోకి చొరబడి పెళుసు చేస్తుంది, పైకి ఏమీ తెలియదు, బరువు పడ్డాక విరుగుతాయి. ఆమ్లంలో నానబెట్టినా ఇదే ప్రమాదం. అలాంటి బోల్టులకు తుప్పు పడితే కొత్తవి కొనడమే సరి.

బ్లాస్టింగ్ చేసిన భాగం కొన్ని గంటల్లోనే గుంటల చోట మాత్రమే నల్లగా, చెమ్మగా చుక్కలు తేలిస్తే ఆ గుంటల్లో ఉప్పు ఉన్నట్టు. దాని మీద ఎంత మంచి ఎపాక్సీ వేసినా ఉప్పు పూతగుండా తేమను లాగి పొక్కులు తెస్తుంది. ఒత్తిడితో మంచినీళ్ళు కొట్టి కడగండి, ఆరబెట్టండి, ఒక రాత్రి వదిలి తేలిన చుక్కలను మళ్ళీ బ్లాస్ట్ చేయండి. చుక్కలు రావడం ఆగేదాకా ఇది తిప్పి చేయాలి. విసుగు పనే, కానీ మారుమార్గం లేదు.

ఫాస్ఫారిక్ ఆమ్లం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎక్కువ పనులు పాడయ్యేది ఇక్కడే. ఆమ్లం పట్టిన చోటును ఆరనివ్వకూడదు, పని జరుగుతున్నంతసేపూ తడిగా ఉంచాలి. తుప్పు కరిగాక పుష్కలంగా నీళ్ళతో కడిగి వెంటనే ఆరబెట్టాలి. అలా కాకుండా ఎండబెట్టి వదిలేస్తే తెల్లటి, జిగటగా ఉండే పొర మిగులుతుంది. ఎపాక్సీని గట్టిపరిచే రెండో భాగం, అంటే హార్డెనర్, క్షారగుణం ఉన్న అమీన్ అనే రసాయనం. ఆమ్లం మిగిలితే అది హార్డెనర్‌ను తినేస్తుంది, లోహానికి ఆనుకున్న పొర గట్టిపడకుండా మెత్తగా ఉండిపోతుంది, నెలల తర్వాత ముక్కలుగా లేస్తుంది. కాబట్టి ఆమ్లం వాడిన చోట కడిగి ఆరబెట్టాక మళ్ళీ 80 నంబరు శాండ్ పేపర్‌తో ఒకసారి రుద్ది మెరిసే లోహం తెప్పించి, అప్పుడు ఎపాక్సీ వేయండి. తుప్పును నల్లగా మార్చే కన్వర్టర్లలో సాధారణంగా టానిక్ ఆమ్లం ఉంటుంది. చేతికి అందని సందులో, గీకడం కుదరని చోట అవి కొంత మేలే. గీకడానికి వీలున్న చోట వాటి మీద ఆధారపడొద్దు. పెచ్చుగా ఉన్న తుప్పులో అవి పైపొరనే మారుస్తాయి, అడుగున అలాగే ఉంటుంది.

పూతకు ముందు చివరి గరుకు: బ్లాస్ట్ చేయని మందమైన భాగాలకు 80, రేకులకు 120 నుంచి 180 కాగితం. వాడి అంచులన్నీ ఫైలుతో గుండ్రం చేయండి. తడి పెయింట్ వాడి అంచు నుంచి వెనక్కి జారుతుంది, చదునైన చోట ఉన్న మందంలో సగం కూడా అంచు మీద నిలవదు. ఛాసిస్ భాగాలకు తుప్పు మొదట అంచుల దగ్గరే తేలడానికి ఇదే కారణం. పారిశ్రామిక ప్రమాణాలు 2 మిల్లీమీటర్ల వ్యాసార్థం అడుగుతాయి, మీరు కనీసం వేలికి గుచ్చుకోకుండా చేయండి. వెల్డింగ్ చిట్లినప్పుడు అంటిన ఇనుప గుళ్ళు కూడా తీసేయండి. ఇక్కడి నుంచి నైట్రైల్ గ్లోవ్స్ లేకుండా భాగాన్ని తాకొద్దు. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది, వేలిముద్ర ఉన్నదున్నట్టుగా తుప్పుగా తేలుతుంది. గాలి కొట్టే కంప్రెసర్ లైనులో నీటి ట్రాప్ ఉండాలి, లేకపోతే మీరే నీళ్ళూ నూనే చల్లినట్టవుతుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఉక్కు మీద నేరుగా వేయాల్సింది రెండు భాగాలుగా వచ్చే ఎపాక్సీ ప్రైమర్. నీటిని ఆపే పొరగా, లోహాన్ని పట్టుకునే పొరగా రెండు పనులూ అదే చేస్తుంది. ఎచ్ ప్రైమర్‌లో ఆమ్లం ఉంటుంది, లోహాన్ని కొరికి పట్టుకుంటుంది, కానీ దాని పొర 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దరిదాపులో ఉంటుంది, నీటిని ఆపదు, దాని మీద మరో ప్రైమర్ తప్పనిసరి. ఎచ్ మీద ఎపాక్సీ మాత్రం వేయొద్దు. పైన చెప్పిన ఆమ్లం, అమీన్ గొడవే ఇక్కడా వస్తుంది, కంపెనీ ఇచ్చే డేటా షీట్ ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప. ఎచ్ మీద నేరుగా పుట్టీ పెట్టినా పట్టదు. జింకు ప్రైమర్ మంచిదే, అయితే దాని జింకు ఉక్కు బదులు తాను అరిగిపోతూ కాపాడుతుంది, అందుకు రేణువులు ఉక్కును నేరుగా తాకాలి. తుప్పు మీద, పాత పెయింట్ మీద వేస్తే అది ఉత్త బూడిదరంగు పెయింటే. ఐఎస్‌ఓ 12944 లెక్కలో ఎండిన పొరలో బరువు ప్రకారం 80 శాతం జింకు ఉంటేనే దాన్ని జింకు ప్రైమర్ అంటారు. పేరులో జింకు ఉన్న ప్రతి డబ్బా అలా ఉండదు, లేబుల్ చూడండి. తేమతో గట్టిపడే యురేథేన్ పూతలు తుప్పు మిగిలిన గరుకు లోహాన్ని గట్టిగా పట్టుకుంటాయి, నున్నగా కొత్తగా ఉన్న లోహం మీద మాత్రం పెచ్చులుగా లేస్తాయి. మీరు సరిగా బ్లాస్ట్ చేయిస్తే వాటి అవసరం లేదు.

ఎపాక్సీని డబ్బా మీద రాసిన నిష్పత్తిలోనే, కొలత గీతలున్న కప్పులో కలపండి. కంపెనీని బట్టి 1:1, 2:1, 4:1 ఉంటాయి, సాధారణంగా ఇది ఘనపరిమాణం లెక్క. త్వరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ పోస్తే పొర పెళుసవుతుంది, తక్కువైతే ఎప్పటికీ గట్టిపడదు. ముందు డబ్బా అడుగున పేరుకున్న ముద్ద పూర్తిగా కలిసేదాకా తిప్పాలి, తుప్పును అడ్డుకునే పిగ్మెంట్లు అందులోనే ఉంటాయి. కలిపాక కొన్ని ఎపాక్సీలకు 15 నుంచి 30 నిమిషాలు ఆగమని రాసి ఉంటుంది, ఆగండి.

వాతావరణం చూసుకోండి. గాలిలో తేమ 85 శాతం లోపు ఉండాలి, లోహం వేడి మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ నీరుగా మారడం మొదలయ్యే వేడి) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి. ఉదాహరణకు గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే మంచుబిందువు సుమారు 26. అంటే లోహం 29 డిగ్రీలకు తగ్గకూడదు. రాత్రంతా చల్లబడిన మందపాటి సబ్‌ఫ్రేమ్ పొద్దున్నే ఆ వేడికి రాదు, మీ కంటికి కనిపించకుండా దాని మీద చెమ్మ పడుతూ ఉంటుంది. మధ్యాహ్నం దాకా ఆగండి, లేదా వెచ్చబెట్టండి. లోహం 10 డిగ్రీల కింద ఉంటే మామూలు ఎపాక్సీ గట్టిపడటం దాదాపు ఆగిపోతుంది.

స్ప్రే గన్ పట్టేముందు బ్రష్‌తో అంచులు, వెల్డింగ్ గీతలు, రంధ్రాల చుట్టూ, లోపలి మూలలు ఒకసారి పట్టించండి. దీన్ని స్ట్రైప్ కోట్ అంటారు. గన్‌తో మూలలో కొట్టిన పెయింట్ గాలికి ఎదురుతిరిగి బయటికే వస్తుంది, వెల్డింగ్ గీత సందులోకి పోదు, బ్రష్ అయితే లోపలికి నొక్కుతుంది. ఆ తర్వాత రెండు నిండు కోట్లు, మధ్యలో డేటా షీట్ చెప్పినంత విరామం. రేకులకు ఎండిన మందం 50 మైక్రాన్లు చాలు. బ్లాస్ట్ చేసిన ఛాసిస్ భాగాలకు 80 నుంచి 100 కావాలి, ఎందుకంటే బ్లాస్టింగ్ వదిలిన గరుకు శిఖరాలే 40 నుంచి 75 మైక్రాన్ల ఎత్తు ఉంటాయి. పొర పలుచనైతే ఆ శిఖరాలు పొడుచుకొచ్చి ఒక్కోటీ ఒక్కో తుప్పు చుక్కగా మారుతుంది.

పై పూత ఎంతలోపు పడాలో డబ్బా మీద ఉంటుంది. ఆ గడువులో వేస్తే రెండు పొరలూ రసాయనికంగా అతుక్కుంటాయి. దాటితే 320 కాగితంతోనో బూడిదరంగు స్కాచ్ బ్రైట్‌తోనో రుద్ది వేయాలి. కీళ్ళ సీలర్, పుట్టీ రెండూ ఎపాక్సీ మీదే, కింద కాదు. ఎపాక్సీకి ఎండ పడదు, సుద్దలా రాలుతుంది, కాబట్టి ఎండ తగిలే ప్రతి చోటా పై పూత వేయాలి. రాళ్ళు తగిలే కింది భాగాలకు రెండు భాగాల పాలీయురేథేన్ నయం. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, గన్‌తో కొట్టాలంటే బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు ఉండాలి. వాసన రాలేదు కదా అని ధైర్యపడొద్దు, వాసన తెలిసే లోపే హాని చేసే మోతాదు లోపలికి పోతుంది, ఒకసారి ఒంటికి పడకుండా పోతే జీవితాంతం ఆస్తమా వచ్చే ప్రమాదం ఉంది. ఆ ఏర్పాటు లేకపోతే చిన్న భాగాలను బ్రష్‌తో పట్టించండి, గ్లోవ్స్‌తో, గాలి ఆడే చోట. కింది భాగాల మీద బ్రష్ గీతలు ఎవరికీ కనిపించవు.

పూత పడకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. చక్రం ఆనే హబ్ ముఖం, బోల్టు తల కూర్చునే చోటు, బుష్ దిగే రంధ్రం, బ్రేక్ కాలిపర్ జారే గాడి, ఎర్తు తీగ బిగించే చోటు. బోల్టు కింద మందపాటి పెయింట్ ఉంటే బిగించినప్పుడు టార్క్ (బిగింపు కొలత) సరిగ్గానే చూపిస్తుంది, తర్వాత బరువు పడి పెయింట్ నలిగి జారుతుంది, బిగువు సడలుతుంది. చక్రాల దగ్గర ఇది ప్రాణాంతకం. ఆ ముఖాలకు బిగించే ముందు టేపు తీసి శుభ్రం చేయండి, బిగించాక బయటి అంచు చుట్టూ వాక్స్ పట్టించండి. సైలెన్సర్ గొట్టాలకు ఎపాక్సీ పనికిరాదు, వాటికి 600 డిగ్రీలు తట్టుకునే సిలికాన్ పెయింట్ నేరుగా లోహం మీదే వేయాలి.

డోరు విషయంలో బయట ఎంత బాగా చేసినా తుప్పు లోపలి నుంచే వస్తుంది. అడుగున రెండు రేకులు మడిచిన చోట నీరు నిలుస్తుంది. ముందు నీరు కారే రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో చూడండి, మూసుకుంటే ఏ పూతా కాపాడలేదు. బయట పెయింట్ పూర్తిగా అయ్యాక, చివరి పనిగా, పొడవాటి నాజిల్‌తో లోపల కేవిటీ వాక్స్ (బోలు భాగాల లోపల చల్లే మైనం) కొట్టండి, మడత పొడవునా తడిసేలా. అది సందుల్లోకి పాకుతుంది, ఎండి పగలదు. ముందే కొడితే వాక్స్ బయటికి కారి పెయింట్ పట్టదు. సబ్‌ఫ్రేమ్ పెట్టె లోపలికీ ఇదే. రబ్బరు లాంటి నల్లటి అండర్‌కోటింగ్ బట్టబయలు లోహం మీద గానీ తుప్పు మీద గానీ నేరుగా వేయడాన్ని నేను గట్టిగా వద్దంటాను. ఎండి పగుళ్ళు పడగానే నీరు లోపలికి దూరి బయటికి రాలేక ఉండిపోతుంది, పైన చెక్కుచెదరకుండా కనిపిస్తూ లోపల లోహం పొడి అవుతుంది. ఎపాక్సీ, పై పూత ఉన్న చోట రాళ్ళ దెబ్బకు అడ్డుగా అయితే సరే.

కొత్త రేకు కొని వేస్తుంటే దాని నల్లటి పూతను వెంటనే గీకకండి. థిన్నర్ తడిపిన గుడ్డతో ఒక చోట రుద్ది చూడండి. రంగు గుడ్డకు అంటితే అది రవాణా కోసం వేసిన పూత, మొత్తం తీసేయాలి. అంటకపోతే ఫ్యాక్టరీలో కరెంటుతో అద్దిన ఈ-కోట్ పూత, అది మీరు వేయబోయే దేనికన్నా మెరుగైన పునాది. 320తో మెరుపు పోయేలా రుద్ది దాని మీదే ఎపాక్సీ వేయండి. గాల్వనైజ్డ్ రేకు అయితే జింకు పొర తెగేదాకా రుద్దకండి, ఆయిల్ పెయింట్ నేరుగా వేయకండి, జింకుతో కలిసి అది సబ్బులా మారి ఊడిపోతుంది. అల్యూమినియానికి ఇనుప బ్రష్, స్టీల్ ఊల్ వాడొద్దు, ఇరుక్కున్న ఇనుప రజను చుట్టూ కొత్త గుంటలు మొదలవుతాయి.

ఇప్పుడు మీ దగ్గరున్న భాగాలకు: చుక్కలు తేలిన ప్రైమర్ మీద ఇంకేమీ వేయొద్దు. స్ప్రే డబ్బా ప్రైమర్ మీద ఎపాక్సీ కొడితే దాని థిన్నర్‌కు కింది పొర ముడతలు పడుతుంది, పడకపోయినా తుప్పు కిందే ఉంటుంది. థిన్నర్ గుడ్డ కప్పి ఉంచితే ఆ ప్రైమర్ మెత్తబడి స్క్రేపర్‌కు వచ్చేస్తుంది. ఆర్ములు, సబ్‌ఫ్రేమ్ కడిగి బ్లాస్టింగ్‌కు పంపండి, వచ్చిన రోజే ఎపాక్సీ వేసేలా అన్నీ సిద్ధం పెట్టుకోండి. డోరును స్ట్రిప్ డిస్క్‌తో మీరే చేయొచ్చు. మడత అంచును స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి. మెత్తగా దిగితే అక్కడ పూతతో అయ్యే పని కాదు, ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డు చేయించాలి.